లోపలివైపు గొళ్ళెం

"చూసుకునేదానికి ఏముంది మేడం! మా ఇంట్లో ఆడమనిషి ఊరికే ఉంటాది గదా, అదే చూసుకుంటాది."

రామాంజులు ఈ మాట అన్నప్పుడు ఓబులమ్మ ఒక చేతిలో కాఫీ గ్లాసుల పళ్ళెం ఉంది, ఇంకో చేతిలో తాడు తెంపుకున్న మేకపిల్ల ఉంది, చెవులు రెండూ పొయ్యి మీద వదిలివచ్చిన పాల దగ్గరున్నాయి. ఊరికే ఉండడమంటే అదీ. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆమె ఆ ఇంట్లో అట్లాగే ఊరికే ఉంటూ వచ్చింది. తెల్లారి లేచి ఊరికే పేడ ఎత్తుతుంది, ఊరికే కల్లాపి చల్లుతుంది, ఊరికే సంగటి కెలుకుతుంది, ఊరికే చేనికి పోయి కలుపు తీసి వచ్చి ఊరికే గొడ్లకు నీళ్ళు పెడుతుంది. పొద్దుగూకినాక నడుం వాల్చబోతే, 'పగలంతా ఊరికేనే గదా ఉండావు, రోంత కాళ్ళు పట్టు' అంటాడు మొగుడు.

ఆ రోజు అరుగు మీద కుర్చీలో కూర్చుని ఆ మాట విన్నావిడ పేరు సునంద. పుట్టింది మడకశిరలో, బతికింది బెంగుళూరులో. ఆసుపత్రిలో నర్సుగా చేరి, నర్సులందరి మీదా పెద్దదై, ఆ మధ్యే ఉద్యోగం దిగిపోయింది. ఉద్యోగం దిగినవాళ్ళు కాశీకి పోతారు, లేకపోతే మనవళ్ళను ఎత్తుకుంటారు. ఈవిడ ఒక ఇల్లు కొనుక్కుంది. ఆ ఇంటికి పునాది లేదు, రెండు చక్రాలున్నాయి. జీపు వెనక తగిలించుకుని బుద్ధి పుట్టిన చోటికి లాక్కుపోతుంది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, తిరగని రోజుల్లో దాన్ని ఎక్కడ పెట్టాలి? ఆమె ఉండే అపార్టుమెంటువాళ్ళు గేటు లోపలికి రానివ్వమన్నారు. రోడ్డు మీద పెడితే ఎండకు టైర్లు పగులుతాయి, వానకు అతుకులు ఊరి కారుతాయి. ఎత్తైన కప్పు, నీడ, గాలి ఉండి, హైవేకి దగ్గరగా ఉండే చోటు కావాలి. వెతుక్కుంటూ వస్తే సోమందేపల్లె టీకొట్టు దగ్గర ఎవరో చెప్పారట, గోరంట్ల దారిలో బోర్లు ఎండి, మల్బరీ తోటలు ఎండి, పట్టుపురుగుల షెడ్లు ఊరూరా ఖాళీగా పడున్నాయని.

రామాంజులు షెడ్డు అట్లాంటిదే. షెడ్డు అతనిదే అంటారు అందరూ, పేరు కూడా అతనిదే. కానీ ఆ షెడ్డులో పురుగు పెంచింది ఓబులమ్మ. తెల్లవారకముందే ఆకు కోసింది, తరిగింది, మేపింది, పెంట ఎత్తింది. పురుగు పండి గూడు కట్టేదాకా ఆ షెడ్డును ఆనుకుని ఉన్న ఆకుల గదిలోనే పడుకుంది. గూళ్ళు బస్తాలకెత్తి హిందూపురం మార్కెట్టుకు పోయేది మాత్రం రామాంజులు. ఒక ఏడు పట్టుశాఖవాళ్ళు మీటింగు పెట్టి, పురుగును బాగా పెంచే రైతని అతనికి శాలువా కప్పారు. "పురుగు ఎన్నిసార్లు జ్వరానికి కూర్చుంటుందయ్యా రామాంజులూ?" అని ఆఫీసరు మైకులో సరదాకు అడిగితే, రామాంజులు గొంతు సవరించుకుని వెనక ఆడవాళ్ళ వరస వైపు చూశాడు. ఓబులమ్మ నాలుగు వేళ్ళు చూపించింది. "నాలుగు సార్!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది. ఆ నాలుగు వేళ్ళతోనే కొట్టింది.

జ్వరానికి కూర్చోవడమంటే తెలియనివాళ్ళకు చెప్పాలి. పట్టుపురుగు పెరిగి పెరిగి, ఉన్న తోలు చాలక, ఆకు మానేస్తుంది. తల పైకెత్తి రాయిలా కదలకుండా ఉండిపోతుంది. చూసినవాళ్ళు చచ్చిందేమో అనుకుంటారు, లేకపోతే సోమరిగా పడుందనుకుంటారు. లోపల అది కొత్త తోలు కుట్టుకుంటూ ఉంటుంది. అప్పుడు దాన్ని ముట్టకూడదు, కదిలించకూడదు. ఆకు వేయకూడదు, తడి తగలనివ్వకూడదు. పైన సన్నగా సున్నం పొడి చల్లి, గాలి ఆడేట్టు కిటికీలు తెరిచి, మనుషులు బయటికి వచ్చేయాలి. ఎన్ని పంటలు తీసినా, ఆ ఎత్తిన తలలను చూసినప్పుడల్లా ఓబులమ్మకు ఒళ్ళు జలదరించేది. అన్ని వేల తలలు, అన్నీ పైకి, చప్పుడు లేకుండా. దేవళంలో కూడా అంత నిశ్శబ్దం ఆమె ఎరగదు.

సరే, వారం తిరక్కముందే బండి వచ్చింది. ఓబులమ్మ వాకిట్లో శనక్కాయలు ఒలుస్తోంది. కానుగ చెట్ల వంపు దగ్గర ముందు జీపు కనబడింది, జీపు వెనక ఇల్లు కనబడింది. తెల్లటి ఇల్లు. గుండ్రటి మూలలు, పక్కన తలుపు, తలుపు పక్కన కిటికీ, కిటికీకి పూల తెర. ఆ తెర ఊగుతోంది. ఒళ్ళో కాయలున్న సంగతి మరిచిపోయి ఆమె లేచి నిలబడింది. కాయలన్నీ జలజలా కింద పడ్డాయి.

"యమ్మా, ఇల్లే వస్తాంది గదే!" అంది, పక్కన ఎవరూ లేకపోయినా.

ఆమెకు తెలిసినంతలో ఇల్లనేది ఉన్నచోటే ఉంటుంది. ఆడదే పెట్టె మోసుకుని ఒక ఇంట్లోంచి ఇంకో ఇంటికి పోతుంది. ఆడదాని వెంట ఇల్లు రావడం ఇదే చూడడం.

ఊళ్ళో ఆడవాళ్ళంతా మూగారు. పక్కింటి తిమ్మక్క నోటికి భయం లేని మనిషి. చక్రాన్ని అరచేత్తో తట్టి చూసి, అడగనే అడిగింది.

"ఇంటాయన రాలేదామ్మా?"

"లేడక్కా" అంది సునంద.

"పెండ్లి కాలేదా?"

"అయింది. అయిపోయింది గూడా."

"మరి నీ ఇంటిని నువ్వే తోలుకుంటాండావా?"

"ఇంకెవరు తోల్తారక్కా? నేనే."

"బాగుండాదమ్మో! మా ఇండ్లకు గూడా చక్రాలుండింటే ఈపాటికి ఊరు ఖాళీ అయిపోయిండేది!" అంది తిమ్మక్క. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ పూటే దానికి బండిల్లు అని పేరు పడిపోయింది.

షెడ్డు చివరి గోడ కొట్టించి, షట్టరు పెట్టించి ఉంచాడు రామాంజులు. బండిల్లు వెనక్కి వెనక్కి నడిచి లోపలికి పోయి కూర్చుంది. సునంద జాగ్రత్తలన్నీ రామాంజులుకే చెప్పబోయింది. ఆయన "ఊ, ఊ" అంటూ ఫోను చూసుకుంటున్నాడు. అడిగేదంతా ఓబులమ్మే. చీమలు పడతాయా? ఎలుకలు వైర్లు కొరుకుతాయా? ఆ చిన్న ఫ్రిజ్జు తలుపు మూసిపెట్టాల్నా, తెరిచిపెట్టాల్నా? తెరిచే ఉంచాలి, మూస్తే కంపు పట్టుకుంటుంది. ట్యాంకులో నీళ్ళ చుక్క నిలవకూడదు. పక్షానికోసారి మనుషుల్ని పిలిచి మూరెడు ముందుకో వెనక్కో తోయించాలి. లేకపోతే టైరు ఒకే చోట బరువు మోసి మోసి, అటువైపే అణిగిపోతుంది.

ఆ మాట విన్నప్పుడు ఓబులమ్మ చెయ్యి దానంతటదే తన నడుం మీదికి పోయింది.

చివర్లో సునంద తాళంచెవి తీసింది. రామాంజులు చెయ్యి చాపాడు. సునంద ఆ చేతిని దాటి నాలుగడుగులు నడిచి, ఓబులమ్మ అరచేతిలో పెట్టింది.

"అడిగింది నువ్వే గదా ఓబులక్కా. బీగంచెవి నీ దగ్గరే ఉండనీ."

చాపిన చెయ్యి ఏం చేసుకోవాలో తెలియక రామాంజులు మీసం దువ్వుకున్నాడు. ఓబులమ్మ ఆ తాళంచెవిని నడుం దగ్గరి వక్కాకు తిత్తిలో దోపుకుంది. తన ఇంటి తాళంచెవి అత్త బతికున్నన్నాళ్ళూ అత్త మొలలో ఉండేది, అత్త పోయినాక మొగుడి జేబులోకి పోయింది. ఇనుము ఒంటికి ఆనితే ఎట్లా చల్లగా ఉంటుందో ఆమెకు ఆ రోజు తెలిసింది.

తర్వాత ఆమె బండింటిని పురుగును చూసినట్టే చూసింది. ఆమెకు తెలిసిన చూడడం అదొక్కటే. కింద ఆనించిన ఇనుప కాళ్ళకు నీళ్ళ గిన్నెలు పెట్టింది, చీమలు ఎక్కకుండా. చక్రాల చుట్టూ బూడిద గీత గీసింది. వేపాకు పొగ బయటినుంచే చూపించింది. పొద్దున కిటికీలు తెరిచి, ఎండ ముదరకముందే మూసింది. అప్పుడప్పుడు రామాంజులు అటువైపు వచ్చి, "దుడ్లు వస్తాండేది బండికి గానీ నీ సోకుకు కాదు, గొడ్లు అరుస్తాండాయి పో" అని పోయేవాడు. బాడుగ ఆయన ఫోనుకే వచ్చేది. ఆమె అడగలేదు. అడగాలని కూడా ఆమెకు అప్పటికింకా తట్టలేదు.

లోపలికి మొదటిసారి ఒంటరిగా ఎక్కిన మధ్యాహ్నం మాత్రం ఆమె ఎన్నటికీ మరవదు. చెప్పులు కింద విడిచింది. మెట్టును కళ్ళకద్దుకుంది. లోపల ఒక బల్ల ఉంది, లాగితే అదే మంచమవుతుంది. మంచం కింద అర, అరలో దుప్పటి. అరచేయంత పొయ్యి, పళ్ళెమంత తొట్టి, తొట్టికి కొళాయి. నిలబడిన చోటి నుంచి కదలకుండా చెయ్యి చాపితే గ్లాసు అందుతుంది, ఇంకో చెయ్యి చాపితే కిటికీ అందుతుంది. తన వంటింట్లో ఉప్పుకూ పొయ్యికీ, పొయ్యికీ నీళ్ళ తొట్టికీ మధ్య తిరిగిన తిరుగుడు కలిపితే ఎక్కడి దాకా పోయుండునో అనుకుంది. ఈ ఇల్లు కట్టినవాడెవడో గానీ, ఇంట్లో ఒక మనిషే ఉంటుందని, ఆ మనిషి అలిసిపోతుందని తెలిసి కట్టినాడు.

అన్నిటికంటే ఆమెను నిలబెట్టేసింది తలుపు. బయట తాళం ఉంది, సరే. లోపలివైపు కూడా ఒక గొళ్ళెం ఉంది. వేలెడంత, నున్నగా, వేస్తే టక్కుమని కూర్చుంటుంది. ఆమె వేసింది. తీసింది. మళ్ళీ వేసింది.

ఓబులమ్మ కాపురానికి వచ్చిన ఇల్లు మూడు అంకణాలది. తలుపులుండేవి, కానీ పగటిపూట ఆడది తలుపేసుకోకూడదు. చీర మార్చుకోవాలంటే గింజల గరిసె చాటుకు పోవాలి. తలనొప్పి అని పడుకున్నా వాకిలి బార్లా తెరిచే ఉండాలి. ఒకసారి, పెద్దబిడ్డ కడుపులో ఉన్నప్పుడు, వాంతులకు ఓర్చుకోలేక తలుపు దగ్గరగా వేసి కూర్చుంటే అత్త కర్రతో తోసి తెరిచింది. 'మిట్టమధ్యాన్నం తలుపేసుకునే ఆడదాన్ని ఏమంటారో మీ అమ్మ చెప్పలేదా? లోపల ఏం దాచిపెట్టుకున్నావు?' అంది. ఏం దాచుకుంటుంది, తనను తాను కాసేపు దాచుకుందామనుకుంది. ఆకుల గదిలో పడుకున్న రోజుల్లో కూడా ఆ తలుపుకు గొళ్ళెం బయటే ఉండేది. ఆకు కోసం కట్టిన గది అది. మేకలు దూరకుండా బయటినుంచి వేసుకుంటే చాలు. లోపల ఉన్న మనిషికి మూసుకోవాలని ఉంటుందని ఎవరికి తోస్తుంది?

దసరా దాటినాక సునంద వచ్చి బండింటిని తీసుకుపోయింది, సంక్రాంతికి ముందు తెచ్చి పెట్టింది. ఆ ఏడాదికి అట్లా రెండుమూడు సార్లు జరిగింది. బండిల్లు తిరిగొచ్చిన ప్రతిసారీ ఓబులమ్మకు ఒక పండగ. ఎందుకంటే టైర్ల గాడుల్లో మన్ను ఇరుక్కుని వచ్చేది. తలపిన్నుతో ఆమె దాన్ని గీరి తీసేది. ఒకసారి నల్లరేగడి, పిసికితే వేళ్ళకు జిగురు. ఒకసారి కుంకుమ లాంటి ఎర్రమన్ను, అందులో ఏదో చెట్టు ముళ్ళాకు, చింపితే కర్పూరం వాసన. ఒకసారి తెల్లటి ఇసుక, మెరుస్తూ, అందులో మినపగింజంత గవ్వ. ఆ ఇసుకను నాలుక మీద పెట్టుకుంది. ఉప్పగా ఉంది.

"సముద్రం పక్కన నిలిపినా ఓబులక్కా" అంది సునంద. "పొద్దున తలుపు తీస్తే మెట్టు కిందికే నీళ్ళు."

వాన కోసం ఆకాశం వైపు చూసి చూసి మెడలు పట్టేసిన ఊరది. అట్లాంటి ఊళ్ళో నిలబడి ఓబులమ్మ ఆ మాట విన్నది. తలుపు తీస్తే నీళ్ళు. అంత నీళ్ళు. అక్కడికి ఒక ఆడది తన ఇంటిని తోలుకుని పోయి, తలుపు తీసి, చూసి, మళ్ళీ తలుపేసుకుని పడుకుంది. ఆ మన్నులన్నిటినీ ఆమె కొబ్బరి చిప్పల్లో పోసి ఆకుల గది కిటికీలో వరసగా పెట్టింది. తాను ఎక్కడికీ పోలేదు. కానీ నేల ఆమె దగ్గరికి వస్తోంది.

తప్పు జరిగింది ఆ మరుసటి వానాకాలంలో. ముసురు పట్టింది, అరుదుగా పట్టే ముసురు. షెడ్డులో చెమ్మ వాసన వేసింది. ఓబులమ్మకు పాత భయం పట్టుకుంది. జ్వరానికి కూర్చున్న పురుగుకు చెమ్మ తగిలితే పంటంతా పోతుంది. ఆలోచించకుండా సున్నం పొడి తెచ్చి చక్రాల చుట్టూ, మెట్టు మీద, మెట్టు సందుల్లో చేతినిండా చల్లింది. చెమ్మ పీలుస్తుందని. ముసురు వెలిసినాక తుడిచి చూస్తే, అల్యూమినియం మెట్టు నిండా తెల్లటి మచ్చలు, చెయ్యి పెడితే గరుకు. చింతపండు పెట్టి తోమింది, మచ్చ పోలేదు, ఇంకా పెద్దదైంది. పురుగుకు మందైనది బండికి విషమని ఎవరు చెప్పాలి? సునందకు చెప్పాలని ఫోను తీసేది, మళ్ళీ పెట్టేసేది. చెబితే ఆవిడ తిడుతుందని కాదు. తాళంచెవి తిరిగి అడుగుతుందని.

రామాంజులు ఆ మచ్చలు చూశాడు. ఏమీ అనలేదు. అనకుండా దాచిపెట్టుకున్నాడు.

శ్రావణంలో ఆయన చెల్లెలు లక్ష్మీదేవమ్మ గోరంట్ల నుంచి ఆటోలో వచ్చింది, కొడుకు పెండ్లికి పిలవడానికి. బొట్టు పెట్టింది, పత్రిక ఇచ్చింది, కూర్చుంది. కూర్చుని అసలు మాట ఎత్తింది.

"అన్న చెప్పినాడులే వదినా. మీ షెడ్డులో చక్రాల మీద రూమంట, మెత్తటి మంచమంట, సినిమాలో మాదిరి ఉండాదంట. మా నరేంద్రకు శోభనం ఆడనే. మా అన్న మాటిచ్చేసినాడు. పూలవాడితో గూడా మాట్లాడినా."

ఓబులమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన పైకప్పు చూస్తున్నాడు.

"అది పరాయోళ్ళ బండి లక్ష్మీదేవీ."

"అయితే ఏం, అరిగిపోతాదా? తెల్లారినాక నువ్వు తుడిచి పెడితే ఎవురికి తెలుస్తాది? ఎట్లా నువ్వు ఊరికేనే గదా ఉండేది."

"నా చెల్లెలు నోరు తెరిచి అడుగుతాంటే ఇంకా ఏందే ఆలోచన?" అన్నాడు రామాంజులు. "ఇయ్యి బీగంచెవి. రోంత లైట్లు కట్టేవాళ్ళకు చూపించల్ల."

"ఇయ్యను."

రామాంజులు ముందు నవ్వాడు. మేక మాట్లాడితే నవ్వినట్టు నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. గొంతు తగ్గించి, చెల్లెలికి వినబడేంత మాత్రమే తగ్గించి అన్నాడు: "నువ్వు సున్నం పోసి ఆ మెట్టును ఏం చేసిపెట్టినావో నాకు తెలుసులే. ఒక్క ఫోను చేసినానంటే ఆయమ్మ ఈ పొద్దే బీగంచెవి పీక్కుంటాది. అప్పుడు యాడ పెట్టుకుంటావు నీ పొగరు?"

ఆ దెబ్బ సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. ఓబులమ్మ లేచింది. షెడ్డు వైపు నడిచింది. తలుపు తీసి చూపించడానికే పోతోందని అన్నాచెల్లెళ్ళు వెనకే వచ్చారు. ఆమె తాళం తీసింది, మచ్చల మెట్టు ఎక్కింది, లోపలికి పోయింది, తలుపు వేసింది. టక్కుమంది గొళ్ళెం.

"ఒసేయ్! తలుపు తీ!"

"చూడన్నా, పట్టపగలు తలుపేసుకునింది చూడు! సిగ్గుండాదా!"

తలుపు దబదబ మోగింది. పల్చటి గోడ, పల్చటి తలుపు. అయినా గొళ్ళెం కదల్లేదు. ఓబులమ్మ మంచం అంచున కూర్చుంది. గుండె పురుగుల మేతలా చరచరమంటోంది. ఇంత పల్చటి గోడ, అనుకుంది. ఈ గోడ పక్కన ఆ పెండ్లికూతురు, పద్మజ అనుకుంటా పేరు, పాపం ఆ పిల్లను కూర్చోబెడితే, షెడ్డు నిండా చుట్టాలు నిలబడి చెవులు ఆనిస్తారు. తన పెండ్లినాడు గరిసెల వెనక నుంచి వినబడిన ఇకఇకలు ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ వినబడ్డాయి. తెల్లారి ఆ ఆడవాళ్ళే తన ముఖం చూసి ఏం జరిగిందో ఒకరికొకరు చెప్పుకున్నారు, తనకే కొత్తగా చెప్పినట్టు. లోపలివైపు గొళ్ళెం ఉన్న ఈ ఒక్క చోటును కూడా అట్లా చేయనియ్యకూడదు.

బయట అరుపులు అరిచి అరిచి అలిసిపోయాయి. అప్పుడు వచ్చింది నిశ్శబ్దం. ఎవరూ పిలవడం లేదు. చెయ్యడానికి పని లేదు. పొయ్యి ఆరిపోయే ఉంది, తొట్టి ఎండిపోయే ఉంది. పైకప్పు కిటికీలోంచి పల్చటి వెలుగు ఆమె మోకాళ్ళ మీద పడింది. ఆమె తల ఎత్తి దాన్ని చూసింది. ఎత్తిన తల ఎత్తినట్టే ఉండిపోయింది. ఎంతసేపో ఆమెకే తెలియదు. తనకు ఇంత లోపల ఉందని, ఆ లోపలికి ఇంత చోటుందని, పుట్టి బుద్ధెరిగినాక ఆమెకు అప్పుడే తెలిసింది. భయం కాదు, ఏడుపు కాదు. సముద్రం ఎట్లుంటుందో చూడలేదు గానీ, తలుపు తీస్తే మెట్టు కిందికే నీళ్ళున్నట్టు, ఆ నీళ్ళకు అవతలి గట్టు కనబడనట్టు ఉంది.

ఫోను తీసింది. చదువు రాదని సునంద తన పేరు పక్కన బండి బొమ్మ పెట్టి ఇచ్చింది. ఆ బొమ్మను నొక్కింది.

"సునందమ్మా, ఒక తప్పు చేసినా. సున్నం చల్లి నీ మెట్టు చెడగొట్టినా. మచ్చలు పడినాయి."

"బాగా పడినాయా?"

"బాగానే పడినాయి. తోమితే ఇంకా పెద్దవైనాయి."

సునంద నిట్టూర్చింది. "కొత్త మెట్టమ్మా అది... బాధగానే ఉండాది ఓబులక్కా, అబద్ధమెందుకు. పోనీ, మెట్టే గదా. ఇంకేమన్నా ఉండాదా?"

ఓబులమ్మ శోభనం సంగతి చెప్పింది. చెప్పి, "ఏమంటావమ్మా?" అంది.

"నన్నడుగుతావేమి? బండి నాది, బీగంచెవి నీది. మంచోచెడ్డో, నువ్వెట్లంటే అట్లే."

ఆమె గొళ్ళెం తీసి తలుపు తెరిచింది. షట్టరు కింద బండ మీద అన్నాచెల్లెళ్ళు చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నారు.

"సున్నం సంగతి నేనే చెప్పినా, నీకు ఫోను ఖర్చు తప్పింది" అంది మొగుడితో. ఆడబిడ్డ వైపు తిరిగి, "పెండ్లికొస్తా లక్ష్మీదేవీ, నిండుగా అక్షింతలేస్తా. బండిల్లు మాత్రం ఇయ్యను. పిల్లోళ్ళకు హిందూపురంలో నాలుగు గోడల రూము తీయండి. ఎవురూ వెంటపోవద్దండి" అంది.

లక్ష్మీదేవమ్మ విసురుగా లేచి, ఈ ఇంట్లో ఇంక పచ్చినీళ్ళు ముట్టనని చెప్పి ఆటో ఎక్కింది. రామాంజులు ఆ రోజు నుంచి మాట్లాడడం మానేశాడు. సంగటి పెడితే తినేవాడు, కంచం అక్కడే వదిలి పోయేవాడు. అది శిక్ష అని ఆయన అనుకున్నాడు. ఓబులమ్మకు ఇల్లు ఇంత ప్రశాంతంగా కూడా ఉంటుందా అనిపించింది.

దసరా పోయినాక సునంద వచ్చింది. మెట్టు చూసి, వంగి మచ్చల మీద వేళ్ళు రాసి, "గరుకుగా ఉండాది, ఇంక కాలు జారదులే" అంది. జీపుకు తగిలించుకుంది. ఎక్కబోతూ ఆగి అడిగింది.

"వస్తావా ఓబులక్కా? ఈసారి కొండల్లోకి పోతాండా. మంచమైతే ఇద్దరికి సరిపోతాది."

ఓబులమ్మ చాలాసేపు ఆ పూల తెర వైపు చూసింది.

"వస్తా. ఈసారి కాదు. ముందు ఈడ నాకొక పని ఉండాది."

బండిల్లు కదిలింది. కానుగ చెట్ల వంపు తిరిగేదాకా, తెర ఊగడం కనబడినంత దూరం, ఆమె వాకిట్లోనే నిలబడింది. ఎన్నిసార్లు చూసినా ఆ చూపు తీరలేదు. ఒక ఇల్లు, ఒక ఆడదాని వెంట, అట్లా.

మరుసటి రోజు ఆమె గోరంట్ల బస్సెక్కింది. ఒక్కతే ఎక్కింది. ఇనుప సామాన్ల కొట్టు కుళ్ళాయప్పను గొళ్ళెం ఇమ్మని అడిగింది.

"వాకిలికా అమ్మా?"

"ఆకుల గదికి. లోపలివైపుకు."

"ఆకుల గదికి లోపల గొళ్ళెమెందుకమ్మా? ఆకు లేచి పారిపోతాదా?"

"పోదులేప్పా. ఇయ్యి. నున్నగా ఉండేది చూసి ఇయ్యి."

మధ్యాహ్నం ఇంటికి వచ్చి, ఆకుల గది కడిగింది. నులకమంచం వేసింది. సుత్తి తీసుకుని తానే మేకులు కొట్టింది. ఒకటి వంకర పోయింది, పీకి మళ్ళీ కొట్టింది. కిటికీలో కొబ్బరి చిప్పలు వరసగా ఉన్నాయి, నల్లమన్ను, ఎర్రమన్ను, సముద్రం ఇసుక. తలుపు వేసింది. గొళ్ళెం టక్కుమంది. మంచం మీద వెల్లకిలా పడుకుని తల కాస్త పైకెత్తి, కిటికీలోంచి వస్తున్న ఎండను చూసింది.

బయట గొడ్లు అరిచాయి. కంచం నేల మీద పెట్టిన చప్పుడైంది. ఎన్నాళ్ళుగానో మాట్లాడని మనిషి తలుపు తోశాడు, తెరుచుకోలేదు. ఇంకోసారి తోశాడు.

"ఏమే, ఓబులమ్మా! ఏం చేస్తాండావే లోపల?"

"ఊరికే ఉండా" అంది ఓబులమ్మ.